మిషన్లు వచ్చినయి, ఫిల్ము చదివే డాక్టర్లేరి?

(కరీంనగర్‌లో వైద్య విద్యార్థులు, ఉద్యోగుల ఉమ్మడి సభలో సర్కారు దవాఖానల డాక్టర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రం వస్తే ఏమొస్తదని మనల్ని ఎగతాళిగ అడిగిన రోజులు మీకు యాదికున్నయి. అప్పుడు మనం సభల్లో ఒక లెక్క చెప్పేటోళ్ళం. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. ఆ తర్వాత తెలంగాణలో కొత్తగ ఒక సర్కారు మెడికల్ కాలేజీ తలుపు తెరిచింది 2008లో, ఆదిలాబాద్ రిమ్స్. నడుమ 49 ఏండ్లు. ఈ నడుమనే అనంతపురానికి 2000లో కాలేజీ వచ్చింది, కడపకు 2006లో వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న మనకు మాత్రం రాలేదు. ఈ లెక్క చెప్పి అడిగినం, కొట్లాడినం.

ఇయ్యాల ఆ లెక్క మారింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్‌లో నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలు వచ్చినయి. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం కాలేజీలు మొదలైనయి. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కాలేజీలు మొదలైనయి. రిమ్స్‌తోటి కలిపి పాత రెండు జిల్లాల గడ్డ మీద ఎనిమిది సర్కారు మెడికల్ కాలేజీలు. ఇది మనం సాధించుకున్నదే. కాదనేటోళ్ళం కాదు.

అయితే కాలేజీ బోర్డు పెట్టుడు వేరు, దవాఖాన నడుచుడు వేరు. ఈ సభలో మేము అన్ని సంగతులు ముందటేసుకోదలుచుకోలేదు. ఒకే ఒక్క ముచ్చట తీసుకుంటున్నం. ఎక్స్‌రేలు, స్కానింగులు చదివి రోగమేందో చెప్పే డాక్టర్లను, అంటే రేడియాలజిస్టులను, ఎక్కడ తయారు చేయాలె? హైదరాబాద్‌లోనా? ఇక్కడనా? ఇక్కడ తయారైతేనే ఇక్కడి దవాఖానకు దక్కుతరు అన్నది మా మాట. ఎందుకో చెప్తం.

ఫిల్ము తీసుడు వేరు, చదువుడు వేరు

మనలో చానామంది అనుకునేదేందంటే, స్కానింగ్ మిషన్ ఉంటే సరిపోతది, అదే రోగం చెప్తది అని. కాదు. మిషన్ నీడలు మాత్రమే చూపిస్తది. 1895 నవంబర్‌లో జర్మనీలో రాంట్జెన్ అనే సైంటిస్టు ఎక్స్‌ కిరణాలను కనిపెట్టిన నాటి నుంచి ఇయ్యాల్టి ఎంఆర్ఐ దాకా సంగతి ఇదే. నల్లటి, తెల్లటి నీడల్లో ఏది మామూలు, ఏది రోగం అని చెప్పాలంటే మనిషి కావాలె. ఆ మనిషికి ఎంబీబీఎస్ తర్వాత ఇంకో మూడేండ్ల చదువు కావాలె.

ఎక్స్‌రే తీసేటాయన టెక్నీషియన్. ఆయన పని ఆయనది, చానా విలువైన పని. కానీ ఆ ఫిల్ము మీద రిపోర్టు రాసి, దాని కింద సంతకం పెట్టి జవాబుదారీ తీసుకునేది రేడియాలజిస్టు. ఆ సంతకం లేకపోతే సర్జన్ కత్తి పట్టుడు కష్టం, ఫిజీషియన్ మందు రాసుడు కష్టం. మనకు దవాఖానలో ఎప్పుడూ కండ్లపడని డాక్టర్ ఆయన. చీకటి గదిలో కూచుంటడు. కానీ తక్కిన డాక్టర్లందరు ఆయన రాత కోసం ఎదురు చూస్తరు.

ఒక్క ఉదాహరణ చెప్తం. పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకొస్తరు. మెదడులో రక్తనాళం పూడుకపోయిందా, పగిలిందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కతీరే కనపడుతయి. పూడుకపోతే గడ్డను కరిగించే మందు ఇయ్యాలె, అదీ సాధారణంగ నాలుగున్నర గంటల లోపల. పగిలితే అదే మందు పానం తీస్తది. ఏది అయ్యిందో చెప్పేది సీటీ స్కాన్. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. అంబులెన్స్ ఎంత ఉరికినా ఆ నాలుగున్నర గంటలు తొవ్వలోనే అయిపోతయి. అందుకే చానామంది ఆదిలాబాదోళ్ళు నాగపూర్ బండి ఎక్కుతరు. అదీ 200 కిలోమీటర్లే. ఇటు పోయినా అటు పోయినా పొద్దు తొవ్వలోనే గుంకుతది.

మూడేండ్లలో ఏం నేర్చుకుంటరు?

రెసిడెన్సీ అంటే ఏందో విద్యార్థులకు తెలుసు, ఉద్యోగ మిత్రుల కోసం చెప్తం. ఎండీ రేడియో డయాగ్నసిస్ మూడేండ్లు. పేరుకు చదువు, నిజానికి పొద్దున్నుంచి రాత్రి దాకా దవాఖాన కొలువు. మొదటేడు రేడియేషన్ ఫిజిక్సు, మామూలు ఎక్స్‌రేలు, అల్ట్రాసౌండ్. ఆ తర్వాత డాప్లర్, సీటీ, ఎంఆర్ఐ, మమోగ్రఫీ. ఆఖరికి ఫిల్ము చూసుకుంట సూది వేసి ముక్క తీసుడు, చీము తీసుడు. వీటితోటి పాటు ఒక థీసిస్, రోజువారీ లాగ్ బుక్కు. రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఒంటి మీద ఉండాలె. రోగికి అక్కరకు మించి ఒక్క ఎక్స్‌రే కూడా తీయొద్దన్న క్రమశిక్షణ నేర్చుకోవాలె.

ఈ చదువు పుస్తకంలో ఉండదు. సీనియర్ పక్కన కూచోని, వెయ్యి ఫిల్ములు మామూలుగున్నయి చూస్తే తప్ప ఒక రోగం ఫిల్ము కంటికి ఆనది. జూనియర్ ముందు రిపోర్టు రాస్తడు, సీనియర్ తప్పు దిద్దుతడు. ఇట్ల రోజుకు పదులసార్లు, మూడేండ్లు. పల్లెటూరి వడ్రంగి దగ్గర పనితనం నేర్చుకున్నట్టే ఉంటది ఇది.

ఇక్కడ ఉద్యోగ మిత్రులు ఒక లెక్క మనసులో పెట్టుకోవాలె. ఒక దవాఖానకు ఏడాదికి ఐదు రేడియాలజీ పీజీ సీట్లు వచ్చినయనుకోండి. మూడేండ్లు నిండేసరికి ఆ దవాఖానలో పదిహేనుమంది రెసిడెంట్లుంటరు. పదిహేనుమందిని షిఫ్టులు వేస్తే రాత్రి రెండు గంటలకు కూడా స్కానింగ్ గదిలో డాక్టర్ ఉంటడు, పైన సీనియర్ ఫోన్‌లో, అవసరమైతే మనిషిగ వస్తడు. సీటు రాని దవాఖానలో ఒకరో ఇద్దరో రేడియాలజిస్టులుంటరు. పొద్దంతా పని చేస్తరు, పొద్దూకినంక ఇంటికి పోతరు. వాళ్ళ తప్పు కాదు, మనిషి ఇరవై నాలుగు గంటలు పని చెయ్యలేడు. అందుకే పీజీ సీటంటే ఎవరో ఒక విద్యార్థి బతుకు బాగుపడే సంగతి మాత్రమే కాదు. రాత్రి పూట దవాఖాన నడిచే సంగతి.

మన గడ్డ మీది రోగాలు

ఇక్కడ శిక్షణ పెట్టాలనేందుకు ఇంకో బలమైన కారణం ఉంది. డాక్టర్ ఏ ఫిల్ములు చూసి నేర్చుకుంటడో ఆ రోగాలనే తొందరగ పట్టుకుంటడు. మన జిల్లాల ఫిల్ములు వేరు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్. సింగరేణి బొగ్గు బాయిలు. బాయిల పని చేసినోళ్ళ ఊపిరితిత్తుల్లో ఏండ్ల తరబడి దుమ్ము పేరుకపోతది. దానికి న్యూమోకోనియోసిస్ అని పేరు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పై భాగంలో చిన్న చిన్న చుక్కలు కనపడుతయి. టీబీ కూడా చానాసార్లు ఆ పై భాగాన్నే పట్టుకుంటది. ఏది దుమ్ము, ఏది టీబీ, లేక రెండూ కలిసి ఉన్నయా అన్నది చదివిన కన్ను చెప్పాలె. ఈ చదువుడుకు ఒక పద్ధతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1950లో ఒక వర్గీకరణ తయారు చేసింది. నమూనా ఫిల్ముల పక్కన కార్మికుని ఫిల్ము పెట్టి, చుక్కలు ఎంత ఒత్తుగున్నయో సున్నా నుంచి మూడు దాకా లెక్క కడుతరు. తర్వాత దాన్ని చానాసార్లు సవరించినరు.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, నష్టపరిహారం దాని మీద ఆధారపడుతది. ఒక అంకె అటైతే వృత్తి రోగం, ఇటైతే మామూలు దమ్ము, చుట్ట తాగినందుకు వచ్చిందని రాస్తరు. 1952 గనుల చట్టం నాటి నుంచి బొగ్గు దుమ్ము రోగం సర్కారుకు తెలియజెయ్యాల్సిన రోగమే. కానీ ఫిల్మును ఆ పద్ధతిలో చదివేటోళ్ళు లేకపోతే చట్టం కాయితం మీదనే ఉంటది. యాజమాన్యం దవాఖానకు సంబంధం లేని, వేరే సర్కారు రేడియాలజిస్టు ఆ ఫిల్మును రెండోసారి చదివే ఏర్పాటు కార్మికునికి దగ్గరలో ఉండాలె. మెడికల్ కాలేజీలో రేడియాలజీ విభాగం గట్టిగుంటే అది అయ్యే పని.

కరీంనగర్ చుట్టూ గుట్టలు చూడండి. గ్రానైటు క్వారీలు. కరీంనగర్ రాయి దేశాలు దాటి పోయింది. రాయి కోసే కార్మికుని ఊపిరిలోకి పోయేది సిలికా దుమ్ము. దాంతోటి వచ్చే రోగం సిలికోసిస్. అది వచ్చినోళ్ళకు టీబీ సోకే ముప్పు కూడా ఎక్కువ. క్వారీల పని చేసేటోళ్ళలో వలస కూలీలు మస్తుగున్నరు. వాళ్ళకు సింగరేణి కార్మికులకున్నట్టు యూనియన్ లేదు, కంపెనీ దవాఖాన లేదు. వాళ్ళ ఫిల్ము ఎవరు చదువుతరు?

అటు ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీకి పోదాం. కుమ్రం భీం 1940లో పానమిచ్చిన గడ్డ అది. గోండు, కొలాం, పర్ధాన్ బిడ్డల్లో సికిల్ సెల్ రోగం ఉంది. రక్తకణం కొడవలి తీరుగ వంగి చిన్న నాళాల్లో అడ్డం పడుతది. ఈ రోగమున్న పిల్లలకు పక్షవాతం వచ్చే ముప్పు ఉంటది. ఎవరికి ముప్పు ఎక్కువుందో ముందే చెప్పే పరీక్ష ఒకటుంది. తల పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి మెదడు నాళాల్లో రక్తం ఎంత వేగంగ పోతుందో కొలుస్తరు. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ అంటరు. వేగం హద్దు దాటిన పిల్లలకు క్రమం తప్పకుండ రక్తం ఎక్కిస్తే పక్షవాతం దాదాపు తొంభై శాతం తగ్గుతదని 1998లో అమెరికాలో ప్రచురించిన పరిశోధన నిరూపించింది. కోత లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. కావాల్సింది ఆ పరీక్ష చెయ్యడం వచ్చిన డాక్టర్. దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులైలో మొదలైంది. రక్త పరీక్షలు చేసి కార్డులిచ్చుడు మంచిదే. కానీ కార్డిచ్చిన పిల్లకు డాప్లర్ చేసేటోళ్ళు ఆదిలాబాద్‌లో తయారు కాకపోతే ఆ కార్డు ఏం చేస్తది?

కడుపుతోటున్న ఆడబిడ్డల ముచ్చట ఇంకోటి. 18 నుంచి 20 వారాల నడుమ ఒక స్కాన్ చేసి శిశువుకు గుండె, వెన్నెముక, మెదడు సరిగున్నయా చూస్తరు. దాన్ని టిఫా అంటరు. 2022లో రాష్ట్రంలోని 44 సర్కారు దవాఖానలకు 56 టిఫా మిషన్లు వచ్చినయి. మంచి పని. కానీ టిఫా మామూలు స్కానింగ్ కాదు. ఒక్కొక్క బిడ్డకు చానా సేపు పడుతది, చేసేటోళ్ళకు ప్రత్యేక శిక్షణ ఉండాలె. వారాలు దాటినంక స్కాన్ చేస్తే తల్లికి చేసుకునేందుకు తొవ్వలు తగ్గిపోతయి. ఏజెన్సీ తల్లి ఒక రోజు కూలి వదులుకొని వచ్చి, డాక్టర్ లేడని వాపసు పోతే మల్ల వచ్చుడు కష్టం.

దూరం నుంచి చదివితే సరిపోదా?

పెద్ద పెద్ద ఆఫీసర్లు ఒక మాట అంటరు: ఇప్పుడు ఇంటర్నెట్ ఉంది, ఇక్కడ తీసిన ఫిల్మును హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో కూచున్న డాక్టర్ చదివి పంపుతడు, మీకు రేడియాలజిస్టు ఎందుకు? కంప్యూటరే చదువుతది, మనిషెందుకు?

మేము టెక్నాలజీకి ఎదురు కాదు. అర్ధరాత్రి సీటీకి దూరం నుంచి రిపోర్టు వస్తే పానం నిలబడుతది, తీసుకుందాం. టీబీ ఉన్నదేమోనని వేల ఎక్స్‌రేలను జల్లెడ పట్టేందుకు కంప్యూటర్ ప్రోగ్రాములను వాడుకోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. వాడుకుందాం. కానీ మూడు సంగతులు మర్చిపోవద్దు.

మొదటిది, అల్ట్రాసౌండ్ దూరం నుంచి అయ్యే పని కాదు. చేతిలో ప్రోబు పట్టుకొని, రోగిని అటు తిప్పి ఇటు తిప్పి, నొప్పెక్కడని అడుగుకుంట చూడాలె. చెయ్యి ఎట్లుంటే బొమ్మ అట్లుంటది. గర్భిణులకు స్కాన్ చేయాలంటే చట్టం కూడా ఉంది. 1994 చట్టం కింద అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలె, ఫారం-ఎఫ్ నింపాలె, ఆడా మగా చెప్పొద్దు. అర్హులైన డాక్టర్లు సర్కారు దవాఖానలో లేకపోతే ఆ జాగలోకి ఎవరొస్తరో మీకు తెలుసు. గల్లీ సెంటర్లు వస్తయి, ఆడపిల్లను కడుపులోనే పసిగట్టే బేరాలు వస్తయి.

రెండోది, చీము తీసుడు, ముక్క తీసుడు ఇంటర్నెట్‌లో కాదు. కాలేయంలో చీముగడ్డ అయినోనికి అల్ట్రాసౌండ్ చూసుకుంట సూదితోటి చీము తీస్తే పెద్ద ఆపరేషన్ తప్పుతది. ఆ డాక్టర్ మంచం పక్కన ఉండాలె.

మూడోది, దూరాన కూచున్న డాక్టర్‌కు ఈ మనిషి ఇరవై ఏండ్లు బాయిల పని చేసిండా, క్వారీల రాయి కోసిండా అన్నది తెల్వదు. ఎవరూ రాసి పంపరు. బాయి సంగతి తెలిసినోడు చదివే ఫిల్ముకు, తెల్వనోడు చదివే ఫిల్ముకు తేడా ఉంటది.

సీట్ల లెక్క ఎట్లుంది?

ఇప్పుడు అసలు చిక్కు. పీజీ కౌన్సెలింగ్‌లో మొదలే అయిపోయే సీట్లలో రేడియాలజీ ఒకటి. మంచి ర్యాంకు వచ్చినోళ్ళు ముందు దాన్నే చూస్తున్నరు. పట్నంలో డిమాండు ఉంది, ప్రైవేటు సెంటర్లలో జీతం ఉంది. తప్పు పట్టేదేం లేదు. కానీ అట్ల తయారైన డాక్టర్ పట్నంలోనే ఆగిపోతడు. కరీంనగర్‌లో ప్రైవేటు మెడికల్ కాలేజీలు చానా ఏండ్ల నుంచి ఉన్నయి. అయితే ప్రైవేటు కాలేజీ పీజీ సీట్లలో సగం యాజమాన్యం కోటా. ఫీజు లక్షలల్ల. సిరిసిల్ల నేత కార్మికుని బిడ్డ, గోదావరిఖని బాయి కార్మికుని బిడ్డ ఆ కోటా దిక్కు చూడలేడు. మనకు సర్కారు సీటే దిక్కు.

ఒకప్పుడు మన వాదన స్థానికత మీద నడిచింది. ఆరు సూత్రాల పథకం, 371-డి, 1974 ప్రెసిడెన్షియల్ ఉత్తర్వు, 85 శాతం స్థానికులకు. ఈ పత్రిక చదివేటోళ్ళకు ఇవి కంఠతా వచ్చు. కానీ ఒక్క సంగతి అప్పట్ల గూడ మనం గట్టిగ అడగలేదు. ఉద్యోగాల్లో మనకు ఐదో జోన్ ఉండేది, ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం. సీట్ల లెక్కలో మాత్రం తెలంగాణ అంతా ఒకటే స్థానిక ప్రాంతం, ఉస్మానియా ప్రాంతం. అంటే హైదరాబాద్ బిడ్డ, ఉట్నూరు బిడ్డ ఒకటే వరుసలో నిలబడాలె. ప్రాంతాల నడుమ అన్యాయాన్ని లెక్క పెట్టినరు గానీ, రాజధానికి, అడివికి నడుమున్న దూరాన్ని లెక్క పెట్టలేదు.

2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. చండీగఢ్ కాలేజీ కేసు అది. పీజీ మెడికల్ సీట్లలో నివాసాన్ని బట్టి రిజర్వేషన్ చెల్లదని, చదివిన కాలేజీని బట్టి మాత్రం ఒక మేరకు ప్రాధాన్యం ఇయ్యొచ్చునని చెప్పింది. మన 371-డి వేరే నిబంధన, దాని వాదన న్యాయవాదులు చేస్తరు, చెయ్యాలె. కానీ గాలి ఎటు వీస్తుందో మనం చూడాలె. పీజీ దగ్గర ‘నేను ఈ ఊరోన్ని’ అన్న మాట బలం తగ్గుతుంది. ‘నేను ఈ కాలేజీల చదివిన, ఈ దవాఖానల పని చేసిన’ అన్న మాటకే బలం మిగిలింది. అందుకే మన డిమాండు కూడా మారాలె. సీట్లలో మా వాటా ఎంత అని ఒక్కటే అడిగితే చాలదు. సీటు ఏ ఊర్ల ఉండాలె అని అడగాలె.

చదివిన చోటనే డాక్టర్ నిలబడుతడన్న మాట మేము గాల్లోంచి తీసింది కాదు. మారుమూల ప్రాంతాల్లో డాక్టర్లను నిలబెట్టుకునేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచనలు ఇచ్చింది. పల్లె బిడ్డలను చేర్చుకోండి, కాలేజీలను, రెసిడెన్సీలను రాజధాని బయట పెట్టండి, చదువులోనే పల్లె దవాఖానల పని చేయించండి అని అందులో ఉంది. జపాన్ 1972లో జిచి అనే మెడికల్ యూనివర్సిటీ ఈ పని కోసమే పెట్టింది. ఒక్కొక్క రాష్ట్రం నుంచి పిల్లలను తీసుకొని, ఫీజు భారం లేకుండ చదివించి, సొంత ప్రాంతంలో కొన్నేండ్లు పని చెయ్యాలని ఒప్పందం చేసుకుంటది. బలవంతంగ బాండు మీద ఒక ఏడాది తోలుడు కన్నా ఇది నయం.

తొవ్వలు ఉన్నయి, నడవాలె

ఇయ్యాల మేము కొత్త చట్టం అడుగుతలేం. ఉన్న నిబంధనల్లోనే నాలుగు తొవ్వలున్నయి.

ఒకటి, కాలేజీలలో పీజీ సీట్లు. ఎనిమిది కాలేజీల్లో ఒక్కసారే రేడియాలజీ సీట్లు రావు, మాకు తెలుసు. గైడ్ లేందే సీటు లేదు. ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, సీటీ, ఎంఆర్ఐ, రోజుకిన్ని పరీక్షలు అన్నీ తనిఖీ చేస్తరు. 2025లో జాతీయ వైద్య కమిషన్ మన సర్కారు కాలేజీలకు కొరతల మీద నోటీసులిచ్చిన సంగతి మీరు పేపర్లలో చదివినరు. అందుకే ముందు కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో విభాగాలను నిండుగ నింపాలె. అటు అడివికి ఒక కేంద్రం, ఇటు బొగ్గుకు, రాయికి ఒక కేంద్రం. అవి నిలబడితే తక్కిన ఆరింటికి అధ్యాపకులు అక్కడి నుంచే తయారైతరు.

రెండోది, జాతీయ పరీక్షల బోర్డు డిప్లొమా. వంద పడకలు దాటిన దవాఖానల్లో ఎంబీబీఎస్ తర్వాత రెండేండ్ల డిప్లొమాలు పెట్టొచ్చునని 2020లో తెచ్చినరు. ఎనిమిది సబ్జెక్టుల్లో రేడియాలజీ ఒకటి. దీనికి మెడికల్ కాలేజీయే ఉండాలని లేదు. జిల్లా స్థాయి దవాఖానలకు ఇది సరిగ్గ సరిపోతది.

మూడోది, జిల్లా రెసిడెన్సీ. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన నిబంధన ప్రకారం ప్రతి ఎండీ, ఎంఎస్ విద్యార్థి మూడు నెలలు జిల్లా దవాఖానలో పని చెయ్యాలె. గాంధీలో, ఉస్మానియాలో రేడియాలజీ చదివేటోళ్ళు కూడా. ఆ మూడు నెలలు వాళ్ళు ఎక్కడికి పోతున్నరు? హైదరాబాద్ పక్కనున్న దవాఖానలకా, ఆసిఫాబాద్‌కా? ఈ పోస్టింగుల జాబితా బయట పెట్టాలె. వంతుల వారీగ మన జిల్లాలకు ఏడాది పొడుగునా ఎవరో ఒకరు ఉండేటట్టు చూడాలె. ఇంకో మాట. అది శిక్షణ, వెట్టి కాదు. నేర్పే సీనియర్ లేని దవాఖానకు జూనియర్‌ను ఒంటిగ తోలితే అటు రోగికి నష్టం, ఇటు ఆ పిల్లకు నష్టం. ఉండేందుకు గది, నెలనెలా స్టైపెండు అడగకుండనే ఇయ్యాలె. 2024 జూన్‌లో జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు స్టైపెండ్ సమయానికి ఇయ్యాలన్నది ఒక డిమాండు. నెల జీతం కోసం సమ్మె చేయించే సర్కారు, అడివికి పోయి పని చెయ్యమని ఏ మొహం పెట్టుకొని చెప్తది?

నాలుగోది, సర్వీసు కోటా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏండ్ల తరబడి పని చేసిన డాక్టర్లకు పీజీలో కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 31న చెప్పింది. నార్నూరులోనో, మహాముత్తారంలోనో, వేమనపల్లిలోనో పని చేసిన డాక్టరమ్మకు ఈ నేల తెలుసు, గోండీలో నాలుగు ముక్కలు వచ్చు. ఆమెకు రేడియాలజీ సీటిచ్చి, చదువు అయినంక ఆదిలాబాద్‌లో పోస్టు ఖాళీగ ఉంచితే ఆమె వాపసు వస్తది. చదివించి, పోస్టు హైదరాబాద్‌లో ఇస్తే రాదు. ఇంత సీదా సంగతి ఇది.

విద్యార్థులు, ఉద్యోగులు ఏం చెయ్యాలె?

విద్యార్థి మిత్రులారా! మీరు రేడియాలజీ సీటు కోసం చదువుతున్నరు, చదవండి. మీ మీద మేము నీతులు రుద్దం. పట్నం పోయినోడు ద్రోహి, ఊర్లున్నోడు వీరుడని చెప్పం. మనుషులు పని సౌలత్ ఉన్న కాడ ఉంటరు. అందుకే ఇక్కడ పని సౌలత్ కోసం కొట్లాడండి. మీ కాలేజీల రేడియాలజీలో ఎంతమంది అధ్యాపకులుండాలె, ఎంతమందున్నరు, మీకే ముందు తెలుస్తది. తనిఖీ రోజు ఒక్కనాడు కనపడి తెల్లారి మాయమయ్యే అధ్యాపకులుంటే మీరు నోరు మూసుకోవద్దు. అది మీ చదువును తినే రోగం.

ఉద్యోగ మిత్రులారా! మీకు ఫైలు నడక తెలుసు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఒక్కొక్క సర్కారు దవాఖానకు నాలుగు ప్రశ్నలు పంపుదాం. రేడియాలజిస్టు పోస్టులు ఎన్ని మంజూరు అయినయి, ఎన్ని నిండినయి? ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ మిషన్లు ఎన్ని ఉన్నయి, ఎన్ని నడుస్తున్నయి? పోయిన ఏడాది ఎన్ని పరీక్షలు చేసినరు, వాటిలో ఎన్నింటికి రేడియాలజిస్టు సంతకం పెట్టిన రిపోర్టు ఇచ్చినరు? జిల్లా రెసిడెన్సీ కింద రేడియాలజీ డాక్టర్లు ఎంతమంది, ఎన్ని రోజులు వచ్చినరు? ముప్పై రోజుల్లో జవాబియ్యాలె. ఎనిమిది జిల్లాల జవాబులు ఒక్క కాడ పెడితే అది మన శ్వేతపత్రం. అప్పుడు మంత్రి దగ్గరికి పోయినా, కమిషన్ దగ్గరికి పోయినా గొంతుతోటి కాదు, కాయితంతోటి మాట్లాడుతం.

బొగ్గు బాయి కార్మిక సంఘాలకు, క్వారీ కార్మికులతోటి పని చేసే మిత్రులకు ఒక విన్నపం. కార్మికుల ఎక్స్‌రే ఫిల్ములను, రిపోర్టులను పారెయ్యొద్దని చెప్పండి. దుమ్ము రోగం ఒక్కనాడు రాదు. పదేండ్ల కింది ఫిల్ము పక్కన ఇయ్యాల్టి ఫిల్ము పెడితేనే రోగం ఎంత నడిచిందో తెలుస్తది. కార్మికుడు ఎన్నేండ్లు ఏ పని చేసిండో ఆ కవరు మీద రాసి పెట్టండి. రేపు ఇక్కడ చదివే డాక్టర్ వచ్చిననాడు ఆయనకు అదే మొదటి పాఠం అవుతది, కార్మికునికి అదే సాక్ష్యం అవుతది.

ఎనిమిది కాలేజీలు వచ్చినయని సంబురపడ్డం. సంబురపడాల్సిందే. ఇప్పుడు ఆ ఎనిమిది కాలేజీల స్కానింగ్ గదుల్లో రాత్రి పూట లైటు వెలగాలె, ఆ లైటు కింద మన గడ్డ మీద తయారైన డాక్టర్ కూచోవాలె. సమాచార హక్కు దరఖాస్తుల నమూనా బల్ల మీద పెట్టినం. సభ అయినంక ఎనిమిది జిల్లాలోళ్ళు ఎనిమిది జాగల కూచోండి, ఏ దవాఖానకు ఎవరు పంపుతరో పేర్లు రాసుకోండి. వచ్చే నెల ఇదే కాడ జవాబులతోటి కలుద్దాం.

జై తెలంగాణ!